నీటి లెక్కలు వ్రాసిన చేతులు

కావేరి నదిపై తిరుచిరాపల్లి సమీపాన ఉన్న కల్లణై ఆనకట్టను కట్టినవారు దానిని గురించి ఒక్క ముక్క కూడ వ్రాసిపెట్టలేదు. పునాది ఎంత లోతున వేశారో, ఇసుకలో రాయి ఎట్లా నిలిచిందో తెలిపే గ్రంథం లేదు. కావేరి డెల్టాలో పనిచేసిన కాలంలో సర్ ఆర్థర్ కాటన్ ఈ కట్టడాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. లోతు తెలియని ఇసుకలో పునాదిని నిలబెట్టే ఉపాయాన్ని ఈ దేశపు పూర్వపు పనివారి నుంచే తాము నేర్చుకొన్నామని 1874లో ఆయన ఒప్పుకొన్నాడు. ఆ ఉపాయం ఆధారంగానే 1847–1852 మధ్య ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట లేచింది. కల్లణై నిలిచి ఉన్నది కనుక కాటన్ దానిని చదువుకోగలిగాడు. కూలిపోయిన కట్టలు, పూడిపోయిన కాలువలు ఎన్నో ఉన్నవి. వాటిని కట్టినవారి విద్య వాటితోనే పోయింది.

నీటి విద్యలో ఈ చిక్కు మొదటినుంచీ ఉన్నది. ఆ విద్య చాలావరకు చేతుల్లో ఉంటుంది. కాగితం మీదికి రాదు. వచ్చినా ఒకరి చేతిలోనే చిక్కుకొని ఉంటుంది. దానిని అక్షరాలలో పెట్టి పదిమందికీ అందించడానికి, పదిమంది చేతా దిద్దించడానికి జరిగిన ప్రయత్నాలకు సుమారు రెండువేల ఏళ్ల చరిత్ర గలదు. ఎవరైనా వ్రాయగల, ఎవరైనా దిద్దగల అంతర్జాల విజ్ఞానకోశాలలో నీటి నిర్వహణను గురించి ఈనాడు వ్యాసాలు చేర్చుతున్నవారు ఆ చరిత్రలో కొత్తగా వచ్చి నిలిచినవారు. వారికి ముందు నిలిచినవారు ఎవరో తెలిస్తే గాని వారి పనిలోని సుళువూ బరువూ తెలియవు.

క్రీ.శ. 97లో రోము చక్రవర్తి నెర్వా నగరపు నీటి సరఫరాకు అధికారిగా ఫ్రాంటినస్ అనే ఆయనను నియమించాడు. ఫ్రాంటినస్ అంతకుముందు బ్రిటనుకు గవర్నరుగా పనిచేసిన సేనాని. నీటి పని ఆయనకు కొత్త. కింది ఉద్యోగులు చెప్పినట్లు తల ఊపి కాలం గడపడం అధికారికి సిగ్గుచేటని భావించి, ఆయన తానే కాలువల వెంట తిరిగి, కొలిచి, రెండు భాగాల గ్రంథం వ్రాశాడు. ఆ నాటికి రోముకు తొమ్మిది కాలువలు నీరు తెచ్చేవి. వాటి నిర్వహణకు 700 మంది పనివారు ఉండేవారు.

ఈ గ్రంథంలో విద్యార్థులు ముఖ్యంగా గమనించదగినవి లెక్కలు. నీటిని కొలవడానికి రోమనులు "క్వినారియా" అనే కొలత వాడేవారు. అది ఒక గొట్టపు పరిమాణం. దాని అడ్డుకొలత మన లెక్కలో సుమారు 2.3 సెంటీమీటర్లు. కచేరీ పుస్తకాల ప్రకారం తొమ్మిది కాలువలలోను కలిపి వచ్చే నీరు 12,755 క్వినారియాలు. అదే పుస్తకాల ప్రకారం పంచిపెట్టిన నీరు 14,018. వచ్చినదానికంటె పంచినది ఎక్కువ! ఇట్టి లెక్కను ఎన్నో ఏళ్లు ఎవరూ ప్రశ్నించలేదు. ఫ్రాంటినస్ కాలువల మొదళ్ల దగ్గరకు పోయి కొలిచి చూడగా, పుస్తకాలలో ఉన్నదానికంటె సుమారు 10,000 క్వినారియాలు అదనంగా వస్తున్నట్లు తేలింది. మరి ఆ నీరంతా ఏమవుతున్నది? పనివారు దారిలో గొట్టాలకు రంధ్రాలు చేసి నీటిని అమ్ముకొంటున్నారు. తాము నీరు తీసుకొనే గొట్టాలను పెద్దవిగాను, ఇతరులకు ఇచ్చే గొట్టాలను చిన్నవిగాను చేయించుకొన్నవారూ ఉన్నారు. పాలలో నీళ్లు కలిపే విద్య ఎంత పాతదో, నీళ్లలో దొంగలెక్క కలిపే విద్య కూడ అంత పాతదన్నమాట.

అయితే క్వినారియాలో ఒక పెద్ద లోపం ఉన్నది. గొట్టం నుంచి వచ్చే నీరు దాని వైశాల్యం మీదనే కాక నీటి వేగం మీద కూడ ఆధారపడుతుంది. ఎత్తునుంచి వచ్చే నీరు కొలతకు మించి పారుతుందని ఫ్రాంటినస్ గమనించాడు గాని, వేగాన్ని లెక్కలోకి తెచ్చే మార్గం ఆయనకు దొరకలేదు. అందుచేత ఒక క్వినారియా అంటే రోజుకు ఎన్ని లీటర్లో నేటి పండితులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. అంకెలు మిగిలినవి, వాటి అర్థం సగం జారిపోయింది.

ఆ గ్రంథమే జారిపోవలసినది. ఇటలీలోని మోంటె కసీనో మఠంలో 12వ శతాబ్దంలో వ్రాసిన ఒకే ఒక ప్రతి ద్వారా అది నిలిచింది. 1429లో పోజ్జియో అనే పండితుడు దానిని చూచి బయటపెట్టాడు. ఒక ప్రతికి చెద పట్టి ఉంటే రోము నీటి లెక్కలు నేడు ఎవరికీ తెలిసేవి కావు.

మన దేశంలో 6వ శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భజలాన్ని గురించి ఒక అధ్యాయమే వ్రాశాడు. ఏ చెట్టు దగ్గర పుట్ట ఉంటే ఏ దిక్కున ఎంత లోతున నీరు పడుతుందో అందులో చెప్పాడు. ఆ గుర్తులలో కొన్ని నేటి పరీక్షకు నిలుస్తాయి, కొన్ని నిలువవు. ఇక్కడ ప్రస్తుతమైన సంగతి వేరొకటి. ఇదంతా తన సొంత విద్య అని ఆయన చెప్పుకోలేదు. తాను సారస్వతుని మతాన్ని, మనువు మతాన్ని అనుసరించి చెపుతున్నట్లు స్పష్టం చేశాడు. ఆధారాన్ని పేర్కొనే అలవాటు మనకు పడమటి దేశాల నుంచి వచ్చినదేమీ కాదు.

అంతకంటె తెలుగువారికి దగ్గరి సాక్ష్యం కడప జిల్లా పోరుమామిళ్ళలో రాతి మీద ఉన్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని ఇంకొక పేరు గలవాడు, ఉదయగిరి రాజ్యాన్ని పాలిస్తూ అక్కడ అనంతరాజసాగరమనే చెరువును కట్టించి, 1369లో సంస్కృత శాసనం వేయించాడు. రెండు బండలపై చెక్కిన ఈ శాసనాన్ని సుక్తంకర్ పరిష్కరించగా ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చయింది. సామాన్యంగా దాన శాసనాలలో రాజు బిరుదులు, భూమి ఎల్లలు, దానాన్ని చెరిచినవారికి శాపాలు ఉంటాయి. ఈ శాసనం మాత్రం చెరువు ఎట్లా కట్టాలో కూడ చెపుతుంది.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలట. ధర్మం తెలిసిన ధనవంతుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి బంకమన్ను గల నేల, మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే నది, కట్టను అంటిపెట్టుకొనే కొండ, ఆ కొండల నడుమ మరీ పొడవు లేని గట్టి రాతికట్ట, విశాలమై లోతైన చెరువు గర్భం, దగ్గరలో పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలాలు, నేర్పరులైన పనివారు మొదలైనవి. ఇక దోషాలు ఆరు. కట్టనుంచి నీరు ఊటగా కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపువలె మెట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం.

వీటిలో మూడవ దోషాన్ని కొంచెం నిలిచి చూడవలసి ఉన్నది. చవిటి నేల, ఊట అనేవి భూమికి, కట్టకు సంబంధించిన దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దు అనేది మనుషులకు సంబంధించినది. నీటి తగాదా కట్టలోని బెజ్జమంత ప్రమాదకరమని ఆ శాసనకర్తకు తెలుసు. కృష్ణా జలాల పంపకానికి ట్రిబ్యునళ్లు వేసుకొన్న మనకు దీని వివరణ అక్కరలేదు.

రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనం చెపుతుంది. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు కూడ దండాల లెక్కలో ఇచ్చింది. అయితే దండం ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారే కొలత. ఫ్రాంటినస్ క్వినారియాకు పట్టిన గతే దీనికీ పట్టింది. పైగా రాతిమీది వ్రాత దిద్దడానికి లొంగదు. చెరువులో పూడిక ఎంత చేరిందో, ఏ తూము ఎప్పుడు మార్చారో తరువాతివారు ఆ బండపై చేర్చలేరు.

దిద్దుబాటుకు, పదిమంది కూర్పుకు అచ్చుయంత్రం దారి చూపింది. ఫ్రాన్సులో దిదెరో, దాలంబేర్‌ల సంపాదకత్వాన 1751లో మొదలైన "ఆంసిక్లోపెది" ఇందులో మొదటి మహాప్రయత్నం. పదిహేడు వ్యాస సంపుటాలు, పదకొండు చిత్ర సంపుటాలు 1772కు పూర్తయినవి. 140 మందికి పైగా వ్రాశారు. జలయంత్రాలను గురించిన వ్యాసాలు దర్జాన్‌విల్ అనే ఉద్యానశాస్త్రజ్ఞుడు వ్రాయగా, జలగతి శాస్త్రాన్ని దాలంబేర్ స్వయంగా చూచుకొన్నాడు. జోకూర్ అనే ఒక్క వ్యక్తి సుమారు 17,000 వ్యాసాలు వ్రాశాడు. ఆయన పేరు నేడు చాలామందికి తెలియదు. ఇట్టి పనిలో ఎక్కువ వ్రాసినవాడికి ఎక్కువ కీర్తి రావాలనే నియమం లేదు కాబోలు! దిదెరో చేతిపనుల వ్యాసాల కోసం పారిస్ కార్ఖానాలకు పోయి పనివారిని ప్రశ్నించి వ్రాసుకొన్నాడు. చాలామంది పనివారికి పని వచ్చునే గాని దానిని మాటల్లో పెట్టడం రాదని ఆయనకు అనుభవమైంది. ప్రభుత్వం 1759లో అనుమతిని రద్దు చేసినా పని ఆగలేదు. అచ్చులో పడిన తప్పులను సవరించి, విడిచిపోయిన విషయాలను చేర్చడానికి 1776–77లో అనుబంధ సంపుటాలు వేయవలసి వచ్చింది. అంటే ఒక్క తప్పు దిద్దుకోవడానికి పాఠకుడు పాతికేళ్లు వేచి ఉండవలసిన కాలమది.

తెలుగులో ఈ పనికి పూనుకొన్నవాడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడిన తరువాత 1923లో మరణించాడు. అకారాది క్రమంలో నడిచిన ఆ గ్రంథం 'జ' అక్షరం దాకా రానేలేదు. "జలము" అనే మాటకు వంతే రాలేదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు దానిని కొంత సాగించాడు. 1950లలో తెలుగు భాషా సమితి అక్షరక్రమాన్ని విడిచి విషయక్రమంలో సంపుటాలు వేసింది. అది తెలివైన మార్పు. ఐనా ఒకసారి అచ్చయిన సంపుటం మరల అచ్చయ్యేదాకా మారదు.

ఆ అడ్డు తొలగినది 1995లో. అమెరికాలో వార్డ్ కనింగ్‌హామ్ అనే ఇంజనీరు, చదివేవారే దిద్దడానికి వీలైన మొదటి అంతర్జాల పుటలను ఆ ఏడు మార్చిలో తెరిచాడు. హవాయి భాషలో "త్వరగా" అనే అర్థమిచ్చే "వికీ" అనే మాటను వాటికి పేరుగా పెట్టాడు. 2000లో న్యూపీడియా అనే విజ్ఞానకోశం మొదలైంది. అందులో ప్రతి వ్యాసమూ పండితుల చేతుల్లో ఏడు దశల పరిశీలన దాటాలి. నియమం ఉత్తమమైనదే, కాని మూడేళ్లలో పూర్తయినవి సుమారు పాతిక వ్యాసాలు. దానికి తోడుగా 2001 జనవరి 15న ఎవరైనా వ్రాయవచ్చునంటూ తెరిచిన వికీపీడియాలో మొదటి ఏడాదిలోనే వ్యాసాలు ఇరవై వేలకు సమీపించినవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది.

ఎవరైనా వ్రాస్తే తప్పులు రావా? వస్తాయి. 2005లో "నేచర్" పత్రిక 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను నిపుణుల చేత పోల్పించింది. ఒక్కొక్క వ్యాసంలో సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు కనిపించినవి. బ్రిటానికా వారు ఈ పోలిక పద్ధతినే తప్పుపట్టారు. ఆ వివాదం ఎట్లా ఉన్నా, ఒక తేడా మాత్రం స్పష్టం. వికీలో ప్రతి మార్పూ ఎవరు, ఏ తేదీన, ఏమి మార్చారో "చరిత్ర" పుటలో నిలిచి ఉంటుంది. అభిప్రాయభేదం ఉన్నవారు పక్కనున్న "చర్చ" పుటలో వాదించుకొంటారు. ఒక మార్పు తప్పని తేలితే పాత రూపాన్ని క్షణంలో తిరిగి తేవచ్చును. ఫ్రాంటినస్ రోము కచేరీ పుస్తకాలలో వెదకినది సరిగా ఇట్టి జాడనే.

నీటి విషయంలో పొరపాటు ఎంత దూరం పోగలదో ఒక ఉదాహరణ చూడవచ్చు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ప్రాంతంలో జనుల పళ్లను, ఎముకలను చెరుస్తున్న వ్యాధికి తాగేనీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించారు. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు 1975లో ఫ్లోరైడును తగ్గించే ఒక చవక పద్ధతిని ప్రకటించి, దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టారు. నీటిలో సున్నం, పటిక, క్రిములను చంపడానికి బ్లీచింగు పొడి వేసి, ముందు వేగంగాను తరువాత నెమ్మదిగాను కలిపి, తేరనిచ్చి వడగట్టాలి. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టెలు ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. ఈ పద్ధతి ఆఫ్రికా దేశాల దాకా పోయింది. అంతర్జాలంలోని నీటి విజ్ఞానకోశాలలో ఒక తెలుగు ఊరి పేరు ఈ విధంగా నిలిచిపోయింది.

ఇప్పుడు దీనిపై వ్యాసం వ్రాయబూనిన ఉపాధ్యాయుడు ఏమి వ్రాయాలి? పటిక ఎంత వేయాలో అన్ని ఊళ్లకూ ఒకే అంకె చెప్పడానికి వీలులేదు. అది నీటిలోని ఫ్లోరైడు మీదనే కాక, ఆ నీటి క్షారత మీద కూడ ఆధారపడుతుంది. ఒక ఊరికి సరిపడిన మోతాదును అన్ని ఊళ్లకూ చెల్లేట్లు వ్రాస్తే, దానిని నమ్మి ఇంకొక ఊరివారు ఫ్లోరైడు తగ్గని నీటిని గాని, అల్యూమినియం హద్దుమీరిన నీటిని గాని తాగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడుకు పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఈ పద్ధతిలో ఫ్లోరైడులో కొంత భాగం నీటిలో కరిగే అల్యూమినియం సంయోగంగా మిగిలిపోతుందని, అడుగున చేరే మడ్డిని పారవేయడం కూడ సమస్యేనని తరువాతి పరిశోధకులు చూపారు. పద్ధతి పుట్టిన కథ మాత్రం వ్రాసి ఈ లోపాలను వదలివేసిన వ్యాసం చదవడానికి ఇంపుగానే ఉంటుంది. అది సగం వ్యాసం.

ఇక రెండవ చిక్కు ఇంతకంటె మెలికగలది. వికీపీడియాలో సొంత పరిశోధన వ్రాయరాదు. అచ్చయిన ఆధారం చూపాలి. అబద్ధాలను ఆపడానికి ఇది మంచి కంచె. కాని తెలంగాణ పల్లెలలో చెరువు నీటిని పంచిన నీరటి ఎరిగిన సంగతులకు అచ్చయిన ఆధారం ఎక్కడిది? ఏ తూము ఎన్ని రోజులు తెరవాలో, కరువు ఏడు నీరు సగమే ఉన్నప్పుడు ఎవరి మడికి ముందు పారాలో అతనికి నోటి లెక్క. దిదెరో వలె ఎవరైనా పోయి అడిగి, వ్రాసి, అచ్చువేస్తే తప్ప ఆ లెక్క విజ్ఞానకోశంలోకి రాజాలదు.

ఈ లోటును తీర్చడానికి కొందరు ప్రయత్నించారు. అనుపమ్ మిశ్ర రాజస్థాన్, మధ్యప్రదేశ్ మొదలైన ప్రాంతాలు తిరిగి, చెరువులు తవ్వినవారిని గురించి సేకరించిన సంగతులతో 1993లో "ఆజ్ భీ ఖరే హై తాలాబ్" అనే హిందీ పుస్తకం వ్రాశాడు. దానిపై ఆయన హక్కులు ఉంచుకోలేదు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చునన్నాడు. పలు భాషలలోకి అది వెళ్లింది. 1997లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్‌ల సంపాదకత్వాన ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం దేశమంతటి ప్రాచీన నీటి సేకరణ పద్ధతులపై పెద్ద సంపుటం వెలువరించింది. 2006లో మొదలైన ఆప్రోపీడియా, తరువాత నెదర్లాండ్స్‌లోని ఆక్వో సంస్థ నడిపిన ఆక్వోపీడియా వంటి కోశాలు క్షేత్రంలో పనిచేసేవారి అనుభవానికి చోటిచ్చినవి. 2007లో ఇండియా వాటర్ పోర్టల్ ఇదే మార్గంలో బయలుదేరింది. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాలు ఏడింటిలో 2003 తరువాత ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన పథకంలో రైతులే వాన కొలిచి, బావుల నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను బట్టి ఊరంతా కూర్చుండి పంటల లెక్క వేసుకొన్నారు. కొలతను రైతు తన చేతితో వ్రాసుకొన్నాడు కనుక దానిని నమ్మాడు.

తెలుగు వికీపీడియాలో నీటి సంగతులు అసలు లేవని అనరాదు. వేలాది గ్రామాల పుటలలో 2011 జనగణన నుంచి తీసుకొన్న సాగునీటి లెక్కలు చేర్చి ఉన్నవి. కాలువల కింద ఇన్ని హెక్టార్లు, బావులు, బోరుబావుల కింద ఇన్ని, చెరువుల కింద ఇన్ని అని. ఆ అంకె ఏ ఏటిదో పుటలోనే ఉండడం మెచ్చదగినది. ఎందుకంటే 2015లో తెలంగాణలో 46,531 చెరువులు, కుంటలను బాగుచేసే సంకల్పంతో మిషన్ కాకతీయ మొదలైంది. ఆ తరువాత ఎన్నో ఊళ్లలో చెరువుల కింది సాగు మారింది. పాత అంకెను చెరిపివేయక, దాని పక్కన కొత్త అంకెను దాని సంవత్సరంతో చేర్చడమే ఇక్కడి మర్యాద.

మాటల సంగతి కూడ ఉన్నది. నిండిన చెరువు నుంచి మిగులు నీరు పొర్లే చోటును తెలంగాణలో మత్తడి అంటారు. ఇతర ప్రాంతాలలో అలుగు అనీ, కలుజు అనీ అంటారు. అచ్చు కోశంలో వీటిలో ఒకటే ఆరోపం కాగలదు. వికీలో "దారిమార్పు" అనే ఏర్పాటు వలన ఏ ఊరివారు ఏ మాటతో వెదకినా అదే వ్యాసానికి చేరుతారు. ఏ మాటా ఓడిపోనక్కరలేదు.

ఇక గ్రామాల పుటలలో లేనివి ఏవి? చెరువు కింద ఎన్ని హెక్టార్లు సాగయ్యేవో ఉన్నది గాని, చాలా చోట్ల ఆ చెరువు పేరు లేదు. తూములు ఎన్ని, కట్ట పొడవు ఎన్ని మీటర్లు, మత్తడి దూకిన నీరు గొలుసులో కింద ఏ చెరువుకు పోతుంది అనేవి లేవు. కట్ట పొడవును టేపు పట్టి కొలవడం తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ఒక పూట పని. నీటిపారుదల శాఖ పట్టికలోనో, జిల్లా గెజిటీరులోనో ఆ అంకె ముందే ఉంటే ఆధారంగా దానిని చూపవచ్చు. రెండూ కలియకపోతే ఆ తేడాను చర్చ పుటలో వ్రాయవచ్చు. నీరటి పని చేసిన వృద్ధులు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు.